నాటక సమాజంలో శిక్షణకు వస్తున్నారా? మీ రోజు ఇలా గడుస్తుంది

పరిషత్తుల సీజను, అంటే నాటక పోటీల కాలం, మొదలయ్యే ముందు ఏటా మా నాటక సమాజానికి ఇద్దరో ముగ్గురో పిల్లలు శిక్షణకు వస్తారు. విశ్వవిద్యాలయాల్లో రంగస్థల కళలు చదువుతున్నవాళ్ళు కొందరు, ఏ చదువూ అడ్డం లేకుండా ఇష్టం కొద్దీ వచ్చేవాళ్ళు కొందరు. ఇప్పుడు ఇంటర్న్‌లు అంటున్నారు. పేరు కొత్తదే కానీ పని పాతదే. నేను తెనాలిలో పగలు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను, సాయంత్రమైతే తెర వెనుక వ్యవహారాలు చూస్తాను. వచ్చిన ప్రతి జట్టుకూ మొదటి రోజు చెప్పే మాటలే ఇక్కడ రాసి పెడుతున్నాను. చదువుకుని వస్తే నా గొంతు కొంత మిగులుతుంది.

మొదట చేదు మాట చెప్పేస్తాను: మీకు వేషం ఇవ్వరు. ఎవరికైనా జ్వరం వచ్చి, ఆ పాత్రకు నాలుగు మాటలే ఉండి, అవి మీకు కంఠతా వచ్చి ఉంటే తప్ప ఇవ్వరు. మీరు చేసేది తెర వెనుక పని. అందులో మంచి పనివాళ్ళని గుర్తుపట్టడం తేలిక. వాళ్ళను ఎవరూ ఏదీ అడగాల్సిన అవసరం రాదు. నటుడు చెయ్యి చాచేసరికి కళ్ళజోడు ఆ చేతిలో ఉంటుంది. దర్శకుడు తల తిప్పేసరికి కుర్చీ దాని గుర్తు మీద ఉంటుంది. ఇక్కడ నేను చెప్పబోయేదంతా ఆ స్థితికి చేరుకోవడం గురించే.

తెనాలి ఎందుకు అని అడిగేవాళ్ళు ఉంటారు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది ఇక్కడే. అప్పటి నుంచి పరిషత్తు అనే మాట నాటక పోటీలకు మారుపేరయింది. గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో ఇప్పటికీ కొన్ని ఊళ్ళు చందాలు వేసుకుని మూడు నాలుగు రోజుల పోటీలు పెడతాయి. ఒక్కో సాయంత్రం రెండు మూడు నాటికలు, ఒక్కొక్కటి గంట లోపు. ఒక సమాజం సెట్టు విప్పుతుండగానే ఇంకో సమాజం సెట్టు ఎక్కిస్తుంటుంది. ఆ హడావుడిలో రెండు నెలలు పని చేస్తే, తరగతి గదిలో రెండేళ్ళు విన్నది ఎందుకు విన్నారో అర్థమవుతుంది.

సంచిలో ఏమేం ఉండాలి

నల్ల దుస్తులు రెండు జతలు. మెరిసే గుండీలు, జరీ అంచులు వద్దు. అడుగున మెత్తటి రబ్బరు ఉన్న చెప్పులు లేదా బూట్లు. ఆడపిల్లలు గాజులు, పట్టీలు ఇంట్లోనే పెట్టి రావాలి. వేదిక అంచున ఉండే మైకులు హీరో ఏడుపు ఎంత శ్రద్ధగా పట్టుకుంటాయో మీ గాజుల చప్పుడూ అంతే శ్రద్ధగా పట్టుకుంటాయి. అరచేతిలో పట్టే చిన్న టార్చి తెచ్చుకుని దాని ముఖానికి నీలం రంగు కాగితం అంటించండి. తెల్లటి వెలుతురు సందుల్లోంచి హాల్లోకి కనబడుతుంది, నీలం అంతగా కనబడదు. సేఫ్టీ పిన్నులు, సూది, నలుపు తెలుపు దారాలు, మార్కరు, ఇన్సులేషన్ టేపు, రేడియం స్టిక్కర్, బట్టలు ఆరేసే క్లిప్పులు పది, ఒక పాత దుప్పటి తప్పనిసరి. దుప్పటి సంగతి తరువాత చెబుతాను.

పుస్తకం, పెన్సిలు ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి. పెన్ను పనికిరాదు. దర్శకుడు నిన్న కుడి పక్కన పెట్టించిన మంచాన్ని ఈ రోజు ఎడమకు మార్పిస్తాడు, రేపు అసలు తీసేయమంటాడు. రబ్బరు పెట్టి చెరిపే అవకాశం లేకపోతే మీ నాటిక ప్రతిలో కొట్టివేతల కింద మాటలు కనబడవు.

పగలు వేరు, రాత్రి వేరు

మా దగ్గర పూర్తికాలం నటులు లేరు. కథానాయకుడు బ్యాంకులో క్యాషియరు, ప్రతినాయకుడు ఆర్టీసీ కండక్టరు, ముసలి తండ్రి వేషం వేసే ఆయన రిటైరైన తహసీల్దారు. కాబట్టి రిహార్సల్ రాత్రి 7 గంటలకు ముందు మొదలు కాదు, 10 దాటకుండా ముగియదు. మామూలు రోజుల్లో పగటి పనంతా మీదే. ఆ పగటి పని చూసి, నాటకం నేర్చుకుందామని వస్తే కుర్చీలకు మేకులు కొట్టిస్తున్నారని కొందరు మొహం ముడుచుకుంటారు. సురభి నాటకాల వాళ్ళని తలుచుకోండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాల్లో పిల్లలు తెరల మధ్యే పుట్టి పెరిగారు. తాళ్ళు, పరదాలు, రంగులు వాళ్ళకు ఆటవస్తువులు. మనకు ఆ అదృష్టం లేదు కాబట్టి ఇరవయ్యేళ్ళు వచ్చాక మొదలుపెడుతున్నాం, అంతే.

పొద్దున 10 గంటలకు సామాను గది తెరుస్తాం. ఫ్లాట్లకు, అంటే చెక్క చట్రాలకు గుడ్డ బిగించి రంగు వేసిన గోడలకు, బందులు ఊడాయేమో చూడటం, చిరిగిన చోట అతుకు వేసి రంగు పూయడం మొదటి పని. ఈ మధ్య కొన్ని సమాజాలు గోడలన్నీ ఫ్లెక్సీ మీద ముద్రించి తెచ్చుకుంటున్నాయి. తేలికగా ఉంటుంది, చుట్టి చంకలో పెట్టుకోవచ్చు. కానీ లైటు పడగానే పెళ్ళి బ్యానరులా మెరుస్తుంది, పేదవాడి ఇంటి గోడ అంటే ఎవరూ నమ్మరు. నా చేతిలో ఉన్నంతవరకు మా సెట్టు గుడ్డ మీదే ఉంటుంది.

మధ్యాహ్నం ప్రాపర్టీల పని. నాటికలో ఎవరి చేతికైనా వచ్చే ప్రతి వస్తువూ ప్రాపర్టీయే: చెంబు, ఉత్తరం, మందు సీసా, పత్రిక, తాళాల గుత్తి. జాబితా మీరే రాయాలి. పాత జాబితా చూసి ఎక్కించుకోవద్దు. నాటిక చదువుతూ రాయండి. వస్తువు పేరు, ఎవరు తెస్తారు, ఏ పక్క నుంచి తెస్తారు, ఎక్కడ వదిలేస్తారు, తరువాత ఎవరు తీసుకుంటారు, ఇన్ని గడులు ఉండాలి. వదిలేసిన చోటే చాలా వస్తువులు పోతాయి. తండ్రి ఎడమ పక్క నుంచి చేతికర్రతో వచ్చి కుడి పక్క నుంచి బయటికి వెళ్ళాడనుకోండి. మళ్ళీ రాబోయేది ఎడమ నుంచే అయితే, ఆ కర్ర వెనుక తెర చాటుగా అటు నుంచి ఇటు రావాలి. ఎవరు తెస్తారు? మీరే. ఆ ప్రయాణం కూడా జాబితాలో రాసి ఉండాలి.

కొన్ని వస్తువులకు మా దగ్గర కట్టుబాట్లు ఉన్నాయి. ఉత్తరం ఎప్పుడూ రెండు ప్రతులు ఉండాలి, అందులో నిజంగా ఆ ఉత్తరమే రాసి ఉండాలి. తెల్లకాగితం చూసి చదవమంటే నటుడి కళ్ళు కదలవు, ముందు వరుసలో కూర్చున్న న్యాయనిర్ణేతలకు అది తెలిసిపోతుంది. సీసాలో పోసేది పాలు లేని చల్లటి టీ. అది కూడా ఆ రోజు కాచినదే కావాలి, నిన్నటిది కాదు. కళ్ళజోడుకు అద్దాలు తీసేయాలి, లేకపోతే లైట్లు వాటిలో మెరిసి నటుడి కళ్ళు కనబడకుండా పోతాయి. కత్తికి పదును ఉండకూడదు, ఎంత మంచి నటుడికైనా సరే. అన్నం తినే సన్నివేశం ఉంటే అటుకులో అన్నమో తక్కువగా, పొడిగా పెట్టండి. నోటినిండా ముద్ద పెట్టుకుని డైలాగు చెప్పగలిగినవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు.

ప్రాంప్టింగ్

రాత్రి రిహార్సల్లో మీకు దొరికే అసలైన విద్య ప్రాంప్టింగ్, అంటే మాట మరిచిపోయిన నటుడికి తెర చాటు నుంచి దాన్ని అందించడం. అందరూ దాన్ని చిన్నచూపు చూస్తారు. పుస్తకం పట్టుకుని చదవడమేగా అనుకుంటారు. నా మటుకు నాకు నటన నేర్చుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదనిపిస్తుంది. ఎందుకంటే ప్రాంప్టరు నటుడి ఊపిరిని వినాలి.

ఆగడానికీ మరిచిపోవడానికీ తేడా పట్టుకోవడం మొదటి పాఠం. మంచి నటుడు కావాలనే ఆగుతాడు. ఆ మౌనం మీద మీరు మాట అందించారా, నాలుగు వారాలు కష్టపడి కట్టుకున్న సన్నివేశం కూలిపోతుంది. అందుకే రిహార్సల్లో ఎక్కడెక్కడ ఆగుతున్నాడో ప్రతిలో నిలువు గీత గీసుకోండి, ఎక్కువసేపు ఆగితే రెండు గీతలు. గీత లేని చోట ఆగితే అప్పుడు చూడండి. మరిచిపోయినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో అలవాటు ఉంటుంది. మా తహసీల్దారు గారు కండువా సర్దుకుంటారు. క్యాషియరు గారు చివరి మాటనే మళ్ళీ అంటారు. ఇంకొకావిడ కొంగు చేతికి చుట్టుకుంటుంది. ఈ అలవాట్లు మొదటి వారంలోనే కనిపెట్టి పుస్తకంలో రాసుకుంటే మీరు సగం ప్రాంప్టరు అయినట్టే.

రెండో పాఠం, ఎంత అందించాలి అన్నది. వాక్యం మొత్తం అందించవద్దు. మొదటి రెండు మాటలు చాలు. 'నీ తమ్ముడి పెళ్ళికి నేను చేసిన అప్పు' అన్నది మరిచిపోతే 'నీ తమ్ముడి' అంటే చాలు, మిగతాది దానంతట అదే వస్తుంది. గుసగుసగా ఊదకుండా, తగ్గించిన గొంతుతో స్పష్టంగా పలకండి. గుసగుసలో అక్షరాలు విరిగిపోతాయి, పైగా గాలి చప్పుడు మైకులో సర్రుమంటుంది. మీరు నిలబడే చోటు మైకుకు దూరంగా, ఎక్కువసేపు వేదిక మీద ఉండే నటుడికి దగ్గరగా ఉండాలి. ఈ రెండూ కుదిరే స్థలం ప్రతి వేదిక మీదా ఉండదు, ఉన్నంతలో మంచిది వెతుక్కోవాలి.

మూడోది గట్టి పాఠం. నటుడు ఒక్కోసారి పేజీ దాటేస్తాడు. అలాంటప్పుడు వెనక్కి లాగకూడదు. మీరే ఆ పేజీకి వెళ్ళిపోవాలి. వెంటనే చూడవలసింది, దాటిపోయిన పేజీలో ఎవరి ప్రవేశమైనా ఉందా, కథకు అవసరమైన కబురు ఏదైనా పోయిందా అని. ఒకసారి మా నాటికలో 'అమ్మ ఆస్పత్రిలో ఉంది' అనే మాట ఉన్న పేజీ ఎగిరిపోయింది. ఆ ఏడాది శిక్షణకు వచ్చిన అమ్మాయి ప్రతి పట్టుకుని పరుగున అటు పక్కకు వెళ్ళి, లోపలికి రాబోతున్న నటుడి చెవిలో ఆ ఒక్క ముక్కా వేసింది. ఆయన వస్తూనే 'ఆస్పత్రి నుంచే వస్తున్నాను' అన్నాడు. హాల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. మరుసటి నాటికకు ఆ అమ్మాయికి ప్రతి అప్పగించి నేను మ్యూజిక్ పక్కన కూర్చున్నాను.

ప్రదర్శన రోజు

ప్రదర్శన ఉన్న రోజు మధ్యాహ్నం 12 గంటలకు టాటా ఏస్‌లో సామాను ఎక్కుతుంది. చివర దింపవలసింది ముందు ఎక్కాలి: కుర్చీలు, బల్లలు లోపలికి, వాటి మీదికి ప్రాపర్టీల పెట్టెలు, అన్నిటికంటే వెలుపల ఫ్లాట్లు. అక్కడ మొదట నిలబెట్టవలసింది గోడలనే కాబట్టి. అన్నం తిని బయలుదేరండి, కానీ కడుపునిండా తినవద్దు. సాయంత్రం 4 నుంచి రాత్రి 11 వరకు మీకు కూర్చునే వీలు దొరకదు.

ఊరు చేరగానే టీ తాగడానికి కాదు, వేదిక కొలవడానికి వెళ్ళాలి. తెనాలిలో రామకృష్ణకవి కళాక్షేత్రం, విజయవాడలో తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం లాంటి చోట్ల కొలతలు మనకు ముందే తెలుసు. పల్లెలో మాత్రం ఒక ఏడాది సిమెంటు వేదిక ఉంటుంది, ఇంకో ఏడాది డ్రమ్ముల మీద చెక్కలు పరిచినది ఉంటుంది. వెడల్పు, లోతు, ముందు తెర నుంచి వెనుక తెరకు ఎంత దూరం, పక్క సందుల్లో మనిషి నిలబడే చోటు ఉందా, వెనుక తెర చాటున అటు నుంచి ఇటు వెళ్ళే దారి ఉందా, ఇవన్నీ రాసుకుని దర్శకుడి చేతిలో పెట్టండి. చెప్పులు విప్పి ఒకసారి వేదికంతా నడవండి. పైకి లేచిన మేకు, కుంగే చెక్క మీ కాలికే తగలాలి, నటుల కాలికి కాదు. వేదిక సరిగ్గా మధ్యలో, ముందు అంచు దగ్గర టేపుతో ఒక గుర్తు పెట్టండి. సెట్టంతా ఆ గుర్తు నుంచే కొలుచుకుంటాం.

కరెంటు జోలికి వెళ్ళవద్దు. లైటింగ్ వాళ్ళు వేరే ఉంటారు, వైర్లు వాళ్ళవే. హాలోజన్ లైటును ఆర్పిన తరువాత కూడా చాలాసేపు ముట్టుకోకూడదు. మీరు చేయవలసింది వాళ్ళకు లైట్ల జాబితా ఇవ్వడం. ఎక్కడ మారాలో డైలాగు చివరి మాటతో రాయాలి: 'తలుపు వెయ్యి' అనగానే చీకటి, గంట మోగగానే ఎడమ పక్క పసుపు రంగు, ఇలా. వాళ్ళు మీ నాటిక ఎప్పుడూ చూసి ఉండరు. రాత్రికి మూడు నాటికలకు లైట్లు వేయాలి వాళ్ళు. కాబట్టి వాళ్ళ పక్కన నిలబడి, మారబోయే ముందు 'సిద్ధం' అని, సరిగ్గా ఆ మాట దగ్గర భుజం తట్టే మనిషి కావాలి. చాలాసార్లు అది శిక్షణకు వచ్చినవాళ్ళ పనే.

మైకుల వైర్లు, లైట్ల వైర్లు ఒకదాని మీద ఒకటి పోకుండా చూడమని సౌండ్ వాళ్ళను మర్యాదగా అడగండి. రెండూ కలిసి పరుచుకుంటే స్పీకర్లలో బుయ్యిమనే హోరు రావచ్చు. 'అన్నా, కొంచెం ఆ వైరు పక్కకి' అంటే చేస్తారు. 'మీరు తప్పు వేశారు' అంటే చేయరు.

ముందు తెర తాడు మీకు అప్పగించారంటే మీ మీద నమ్మకం కుదిరిందని అర్థం. రెండు తాళ్ళు వేలాడుతుంటాయి, ఒకటి తెరిచేది, ఒకటి మూసేది. చీకట్లో రెండూ ఒకేలా ఉంటాయి. తెరిచేదానికి మీ చేతి ఎత్తులో ఒక ముడి వేయండి, తడిమితే తెలిసేలా. నాటిక మొదలుకాక ముందు నిర్వాహకులను అడిగి రెండుసార్లు లాగి చూడండి, ఎక్కడ పట్టేస్తుందో తెలుస్తుంది. ఇక వేగం. నవ్వుల నాటికకు తెర చటుక్కున తెరుచుకోవాలి. విషాదం మీద మూసేటప్పుడు సమంగా, ఆగకుండా, నెమ్మదిగా లాగాలి. నటుడి చివరి మాట, తెర కదలిక రెండింటి మధ్య ఎంత ఖాళీ ఉండాలన్నది రిహార్సల్లోనే దర్శకుడిని అడిగి ఖాయం చేసుకోవాలి. చప్పట్లు మొదలయ్యేది ఆ ఖాళీలోనే.

ప్రాపర్టీల బల్ల

ఇది ప్రతి పక్కా ఒకటి ఉండాలి. బల్ల మీద తెల్ల కాగితం పరిచి అంటించండి. వస్తువులను అవి వాడే వరుసలో పేర్చండి. తరువాత మార్కరుతో ప్రతి వస్తువు చుట్టూ గీత గీసి, లోపల దాని పేరు రాయండి. చెంబు తీస్తే చెంబు ఆకారం, 'చెంబు' అనే మాట కాగితం మీద మిగులుతాయి. తెర తీయడానికి ముందు ఒక్కసారి చూస్తే చాలు, ఏ గీతలో వస్తువు లేదో కంటికి తగులుతుంది. జాబితా చదివి టిక్కులు పెట్టుకునే తీరిక ఆ సమయంలో ఎవరికీ ఉండదు. నటులు వస్తువును తెచ్చి ఎక్కడో ఒక చోట పెట్టకుండా దాని గీతలోనే పెట్టడం కూడా దీనివల్ల అలవాటవుతుంది.

బల్ల మీద ఇంకేమీ ఉండకూడదు. టీ గ్లాసు, ఫోను, మీ పర్సు, ఏదీ. ఒక పెద్ద నటుడు తన ఫోను అక్కడ పెడితే ఎలా చెప్పాలి అని అడుగుతారు పిల్లలు. 'బాబాయ్ గారూ, ఇది నా దగ్గర భద్రంగా ఉంచుతాను' అని తీసి జేబులో పెట్టుకోండి, అంతే. మా దగ్గర పెద్దవాళ్ళను బాబాయ్ గారు అనో మాస్టారు అనో పిలుస్తాం, నటీమణులను అమ్మా అనో అక్కా అనో అంటాం. పేరు పెట్టి ఎవరినీ పిలవవద్దు, సార్ అని కూడా పెద్దగా అవసరం లేదు.

మేకప్ గదిలో

మేకప్ మాస్టారికి సాయం చేసేవాళ్ళు మొదట వరుస తయారు చేసుకోవాలి. గడ్డం, విగ్గు ఉన్నవాళ్ళు ముందు కూర్చోవాలి, ఎక్కువసేపు పడుతుంది. మీసం అంటించే జిగురు రాయగానే అద్దకూడదు. వేలితో తాకితే పట్టుకునేంత వరకు ఆరనిచ్చి, అప్పుడు అద్ది, తడి గుడ్డతో నొక్కాలి. తీసేటప్పుడు పొడిగా పీకవద్దు. కొబ్బరినూనె రాసి, కాసేపు ఆగి, నెమ్మదిగా తీస్తే చర్మమూ బాగుంటుంది, మీసం కూడా మళ్ళీ పనికొస్తుంది. ఎండాకాలం నటులు చెమటతో తడిసిపోతారు. రుద్దకుండా, మెత్తటి గుడ్డతో అద్ది తుడవండి. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలు ధరించి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆహార్యం విషయంలో ఆయన శ్రద్ధ గురించి మా ప్రాంతంలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కుచ్చిళ్ళు ఎలా పడుతున్నాయో చూసుకోవడం కూడా నటనలో భాగమే.

ఇప్పుడు దుప్పటి సంగతి. నాటికల్లో నటించే స్త్రీలు తక్కువ. ఒకే సీజనులో ఒకే నటి రెండు మూడు సమాజాలకు వేషాలు వేస్తుంటుంది. నిన్న ఒక ఊళ్ళో, ఈ రోజు మన దగ్గర. బస్సు దిగి నేరుగా వస్తుంది. చాలా పల్లెల్లో ఆమెకు బట్టలు మార్చుకునే గది ఉండదు, ఉన్నా తలుపుకు గడియ ఉండదు. మీ దుప్పటి, క్లిప్పులు, వేదిక వెనుక కట్టడానికి ఒక తాడు ఉంటే రెండు నిమిషాల్లో గది తయారు. శిక్షణకు వచ్చిన ఆడపిల్ల ఒకరు ఆ తెర బయట నిలబడాలి, ఎవరు వచ్చినా ఆపాలి, నిర్వాహకులైనా సరే. ఆమె రాగానే మంచినీళ్ళు, తరువాత టీ, ఆ తరువాతే చీర. సన్నివేశాల మధ్య చీర మార్చవలసి ఉంటే కుచ్చిళ్ళు ముందే పెట్టి, పిన్నుతో బిగించి, నడుముకు దోపడానికి సిద్ధంగా ఉంచండి.

తెర లేచాక

పక్క సందులో నిలబడినప్పుడు మీకు ప్రేక్షకులు కనబడుతున్నారంటే వాళ్ళకు మీరు కనబడుతున్నారు. ఒక అడుగు వెనక్కి వేయండి. నాటిక చూడవద్దు. ఇది చెబితే అందరూ నొచ్చుకుంటారు, కానీ నాటిక చూస్తున్నవాళ్ళు నవ్వుతారు, ఏడుస్తారు, తమ పని మరిచిపోతారు. మీ చూపు రాబోయే రెండు నిమిషాల మీద ఉండాలి. ఇప్పుడు వేదిక మీద ఏమి జరుగుతోందో చెవులతో వినండి చాలు.

చీకటి చేసి సామాను మార్చే చోట, చీకటి రాబోయే ముందే ఒక కన్ను మూసుకోండి. లైట్లు ఆరగానే ఆ కన్ను తెరిస్తే, రెండు కళ్ళూ వెలుతురుకు అలవాటుపడిన వాళ్ళకంటే మీకు బాగా కనబడుతుంది. కుర్చీ కాళ్ళు ఉండవలసిన చోట ముందే చిన్న రేడియం ముక్కలు అంటించి ఉంటారు కాబట్టి అవి మెరుస్తుంటాయి. గోరంత ముక్కలు చాలు, పెద్దవి వేస్తే ముందు వరుసకు నక్షత్ర మండలంలా కనబడతాయి. ఎవరు ఏ వస్తువు ఎటు నుంచి తేవాలో, ఎవరు ముందు నడవాలో పగలే కళ్ళు మూసుకుని సాధన చేయండి. ఖాళీ చేతులతో ఎవరూ వెనక్కి రాకూడదు. ఒకటి పెట్టి ఒకటి తెచ్చుకోవాలి.

నాటిక అయిపోగానే విప్పడం. మన తరువాతి సమాజం అప్పటికే మెట్ల మీద నిలబడి ఉంటుంది. కట్టిన వరుసకు తిరగేసి విప్పాలి: ముందు చిన్న వస్తువులు, తరువాత కుర్చీలు, చివర గోడలు. మీ బల్ల మీది గీతల్లోకి వస్తువులన్నీ తిరిగి వచ్చాయో లేదో చూసి పెట్టెలో సర్దండి. ఏదైనా లేకపోతే అక్కడే వెతకాలి. ఊరు దాటాక ఇక దొరకదు. పక్క సమాజం వాళ్ళకు ఒక చెయ్యి సాయం చేయండి. రేపు ఇంకో పరిషత్తులో వాళ్ళ సుత్తి మనకు అవసరం పడుతుంది.

ఆ తరువాత భోజనం. రాత్రి 11, ఒక్కోసారి 12. నిర్వాహకుల పందిరిలో పప్పు, గోంగూర, పెరుగు ఉంటాయి. నటులకు మెచ్చుకోళ్ళు అక్కడే దొరుకుతాయి. మీ పేరు ఎవరూ ఎత్తరు. నాటిక చివర నటుల్ని, సాంకేతిక నిపుణుల్ని మైకులో పరిచయం చేస్తారు కదా, ఆ కాగితం రాసేది సాధారణంగా సమాజం కార్యదర్శి. తెర తీయడానికి ముందే ఆయన దగ్గరికి వెళ్ళి, 'నా పేరు కూడా రాయండి మాస్టారూ' అని అడగండి. మొహమాటపడితే ఆ పేరు ఆ ఊరికి ఎప్పటికీ వినబడదు.

చేరే ముందు అడగవలసినవి

ప్రయాణం ఖర్చు ఎవరిది, భోజనం ఎవరిది, ఎంతో కొంత చేతికి ఇస్తారా అన్నది మొదటి రోజే మాట్లాడుకోండి. కళాసేవ అని చెప్పి బస్సు ఛార్జీ కూడా ఇవ్వని సమాజాలూ ఉన్నాయి. రాత్రి ఇంటికి చేర్చే ఏర్పాటు ఏమిటన్నది అంతకంటే ముందు అడగాలి. అర్ధరాత్రి దాటాక ఆడపిల్లను బస్టాండులో దింపి వెళ్ళిపోయే సమాజంలో, ఎంత పేరున్న దర్శకుడు ఉన్నా సరే, చేరవద్దు. ఇంట్లో వాళ్ళకు వాహనం నంబరు, వెంట వచ్చే ఒకరి ఫోను నంబరు ఇచ్చి రండి.

మరుసటి రోజు సెలవు అనుకోకండి. చెమట పట్టిన దుస్తులు నీడన ఆరేయాలి, విగ్గులు దువ్వి అట్టపెట్టెలో పెట్టాలి, తాగిన గ్లాసులు, సీసాలు కడగాలి. అది 12 గంటలకు అయిపోతుంది. అప్పుడు కూర్చుని పుస్తకంలో రాయండి: రాత్రి ఏది ఆలస్యమైంది, ఎవరు ఎక్కడ తడబడ్డారు, ఆ వేదిక కొలతలు ఎంత, అక్కడి సౌండ్ వాళ్ళతో ఎలా మాట్లాడితే పని జరిగింది. విశ్వవిద్యాలయానికి ఇచ్చే నివేదికలో 'నాటక ప్రక్రియపై అవగాహన పెంపొందింది' లాంటి వాక్యాలు రాయవద్దు. ఈ పుస్తకంలోనివి రాయండి.

ధ్రువపత్రం అడిగేటప్పుడు కూడా ఇదే పద్ధతి. 'సంతృప్తికరంగా శిక్షణ పొందారు' అని అచ్చు వేసిన కాగితం అందరికీ ఇస్తారు. దానికి బదులు మీరు ఏమి చేశారో, ఏ నాటికకు ప్రాంప్టింగ్ చేశారో, ఎన్ని ప్రదర్శనలకు ప్రాపర్టీలు చూశారో కార్యదర్శి చేత సమాజం లెటర్‌హెడ్ మీద రాయించుకుని, సంతకంతో పాటు ముద్ర వేయించుకోండి. వివరాలన్నీ మీ పుస్తకంలో ఉంటాయి కాబట్టి ముసాయిదా మీరే రాసి ఇవ్వండి. ఆయనకు అంత ఓపిక ఉండదు.